ఎంత శూన్యము? — కణత్వరణ యంత్రములును స్వామి జ్ఞానానందుల విద్యయును

మా శాఖలోని పరిశోధక విద్యార్థులు కొందఱితో కలిసి అనంతగిరి కొండపల్లెలలోని వాడుకపదములను సేకరించుటకై పోయినపుడు మాకు బొర్రా గుహలను చూచు అవకాశము కలిగెను. కొత్తవలస నుండి కిరండూలునకు పోవు రైలుమార్గమున బొర్రా గుహలను పేర నొక స్టేషను కలదు. ఆ ప్రాంతపు పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయులొకరు మాకు దారి చూపిరి. లోపలికి దిగి, వెలుతురు సన్నగిల్లిన చోట నిలిచి, ‘బొర్ర’ యనగా ఒడియాలో రంధ్రమని చెప్పుదురనియు, మన ‘బొఱియ’ దానికి చుట్టమేమో మీరే తేల్చవలెననియు ఆయన మా విద్యార్థులతో పలికిరి. పిదప, “ఇంత కొండ కడుపులో ఇంత శూన్యం ఎలా వచ్చిందని పిల్లలు అడుగుతుంటారండీ” అనిరి.

ఆ మాట ఆయనకు మఱియొక ప్రశ్నను జ్ఞప్తికి తెచ్చెను. విశాఖపట్టణమున చదువుకొన్న దినములలో ఆంధ్ర విశ్వవిద్యాలయమున స్వామి జ్ఞానానందుల పేర నున్న కేంద్రక పరిశోధనశాలను ఆయన చూచియుండిరి. ఆ స్వామివారు శూన్యమును గూర్చి ఆంగ్లమున నొక గ్రంథము వ్రాసిరని ఎవరో చెప్పగా, సన్న్యాసి వ్రాసిన శూన్యగ్రంథము వేదాంతమే యగునని యనుకొనిరట. “అది వేదాంతమా, భౌతికశాస్త్రమా? పరమాణువుల్ని బద్దలుకొట్టే యంత్రాలకీ శూన్యానికీ సంబంధం ఏమిటండీ?” అని అడిగిరి.

అప్పుడు మేము చెప్పిన సమాధానము కొఱతపడినది. దానిని పూరించుటకే ఈ వ్యాసము. మేము భౌతికశాస్త్రమున పండితులము కాము. కాని ప్రశ్నలో సగము శాస్త్రమునకు చెందగా, తక్కిన సగము మాటకు చెందినది. ఒక్క మాట రెండు శాస్త్రములలో రెండర్థములతో తిరుగునపుడు దానిని విడమఱచి చెప్పుట భాషాశాఖవారి పని. అదిగాక, తొలినాటి కణత్వరణ యంత్రముల నిర్మాణచరిత్రను పరిశీలించిన కొలదియు మాకొక విషయము స్పష్టమైనది. ఆ యంత్రములకు పేరు తెచ్చినవి లక్షల వోల్టులు, పెద్ద అయస్కాంతములు. వానిని నిలిపినది మాత్రము శూన్యమును కల్పించు విద్య. మన ప్రాంతమునుండి ఆ రంగమునకు పోయిన తెలుగువాడొకడు గ్రంథరచనకు ఎన్నుకొన్నది సరిగా ఆ విద్యనే.

సున్నయు సున్నమును

మొదట మాటను చూతము. ‘సున్న’ యనునది సంస్కృత ‘శూన్య’ శబ్దమునకు తద్భవము. ‘సున్నము’ ‘చూర్ణ’ శబ్దమునుండి ప్రాకృతపు ‘చుణ్ణ’ ద్వారమున వచ్చినది. చెవికి రెండును ఒక్కటే. పుట్టుకలు వేఱు. బొర్రాలో ఈ రెండును కలిసినవి. అది సున్నపురాతి కొండ. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పమైన ఆమ్లమై, రాతి సందులలోనికి దిగి, సున్నపురాతిని కరగించుకొని పోవుచు గుహను తొలిచినది. మఱల ఆ నీరే చుక్కచుక్కగా జారుచు, కరగిన సున్నమును వదలి, పైనుండి వ్రేలాడు రాతి ఊడలను, క్రిందినుండి లేచు రాతి స్తంభములను పెంచినది.

అట్లు ఏర్పడిన బొర్రా శూన్యమా? వాడుకలో శూన్యమే. భౌతికశాస్త్రమున కాదు. గుహలో మనము పీల్చిన గాలి ప్రతి ఘన సెంటీమీటరునందును రమారమి రెండున్నర లక్షల కోటి కోట్ల అణువులను కలిగియుండును. అనగా మనము ఖాళీ యనుకొన్న గుహ అణువులతో క్రిక్కిఱిసియున్నది.

మన శాస్త్రములలో ‘శూన్య’ శబ్దమునకు ఇంకను రెండు ప్రసిద్ధార్థములు కలవు. గణితమున అది సంఖ్య, స్థానమును నిలుపు గుర్తు. నాగార్జునాచార్యుని మాధ్యమిక దర్శనమున అది వస్తువులకు స్వతంత్రమైన స్వభావము లేకుండుట. వస్తువులు లేకుండుట కాదు. ఈ రెండింటిలోను తరతమభేదమునకు తావు లేదు. సున్నకంటె ఎక్కువ సున్న యుండదు. భౌతికశాస్త్రపు శూన్యము అట్టిది కాదు. ఒక పాత్రనుండి ఎంత గాలిని తోడివేసితిమో అంత శూన్యము. దానికి మెట్లు కలవు, కొలత కలదు. “ఎంత శూన్యము?” అను ప్రశ్న వేదాంతికి అర్థరహితము, యంత్రము కట్టువానికి ప్రాణము. ఈ భేదమును మనస్సున నుంచుకొని యంత్రముల కథకు పోవుదము.

త్వరణ మేల కావలసెను?

1911లో రూథర్‌ఫర్డు పరమాణువు నడుమ అతి సూక్ష్మమైన కేంద్రకము కలదని నిరూపించెను. 1919లో రేడియముజాతి ధాతువులనుండి వెలువడు ఆల్ఫాకణములు నత్రజని కేంద్రకములను తాకినపుడు ప్రోటానులు బయటపడునని చూపెను. ఒక మూలపదార్థము మఱియొకటిగా మాఱుటను ప్రయోగశాలలో కనుగొనుట అదియే మొదలు. కాని రేడియము ఇచ్చు కణములు కొలదిగా నుండును, అన్ని దిక్కులకును చెదరును, వాని వేగము మన చేతిలో లేదు. కేంద్రకము ధనవిద్యుత్తు కలది. దానిని చేరవచ్చు ధనకణమును అది దూరమునుండియే తోసివేయును. ఆ తోపును దాటవలెనన్న కణమునకు మిక్కిలి వేగ మీయవలెను. కావున మన ఇష్టము వచ్చినన్ని కణములను, మన ఇష్టము వచ్చిన వేగముతో, మనము చూపిన గుఱికి పంపు యంత్రము కావలెనని 1927 నాటికి రూథర్‌ఫర్డు బహిరంగముగనే కోరెను.

వేగమిచ్చు ఉపాయము సూత్రమున సులభము. విద్యుత్కణమును రెండు లోహపు పలకల నడుమ నుంచి, పలకల మధ్య వోల్టులభేదమును కల్పించినచో అది ఒక పలకనుండి రెండవదానివైపు ఉఱుకును. ఒక్క వోల్టు భేదమును దాటిన ఎలక్ట్రాను గాని ప్రోటాను గాని పొందు శక్తిని ‘ఎలక్ట్రాను వోల్టు’ అందురు. కేంద్రకమును చేరుటకు పది లక్షలకు మించిన వోల్టులు కావలెనని మొదట భయపడిరి. 1928లో గామోవ్ అను శాస్త్రజ్ఞుడు నూతన క్వాంటమ్ సిద్ధాంతము ననుసరించి, తక్కువ శక్తి గల కణమునకును అడ్డుగోడను దాటి పోవు అవకాశము కొంత కలదని చూపెను. కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్టు లెక్కవేసి, తేలిక మూలపదార్థములకు మూడు లక్షల వోల్టులు చాలవచ్చునని తేల్చెను. అసాధ్యమైనది కష్టసాధ్యముగా మాఱినది.

కేంబ్రిడ్జిలో గాజు స్తంభము

కాక్‌క్రాఫ్టు, వాల్టను కలిసి కట్టిన యంత్రమును బోధించుటకు మన పొలములలోని గూడను తలచుకొనవచ్చును. కాలువనుండి చేనికి నీరు తోడువారు గూడకు ఇరువైపుల నిలిచి, ముందునకు వెనుకకు ఊపుచు, ప్రతి ఊపునకు కొంత నీటిని మెట్టునకు ఎత్తుదురు. చేను ఇంకను ఎత్తున నున్నచో ఆ మెట్టుమీదనుండి మఱియొక గూడ. ఏ గూడయు మనిషియెత్తునకు మించి ఎత్తదు, కాని నీరు తుదకు కొండచరియ కెక్కును. అట్లే వారు అటునిటు ఊగు విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరునుండి గైకొని, ఒక వైపునకే విద్యుత్తును పోనిచ్చు కవాటములద్వారా ఒకదానిమీద నొకటిగా నిలిపిన విద్యుత్సంచయములలోనికి మెట్టుమెట్టుగా ఎక్కించిరి. ఇట్లు ఏడెనిమిది లక్షల వోల్టుల వఱకు పోగలిగిరి.

వోల్టులను కూర్చిన పిదప అసలు చిక్కు వచ్చెను. ఆ వోల్టులను ఏ గొట్టములో నిలుపవలెను? గొట్టములో గాలి యున్నచో మూడు విధముల హాని కలదు. మొదటిది, సామాన్య వాయుపీడనమున ఒక అణువు మఱియొకదానిని తాకకుండ పోవు సగటు దూరము సెంటీమీటరులో లక్షవ వంతైనను లేదు. అట్టి గుంపులో ప్రోటాను తన శక్తినంతయు త్రోవలోనే పోగొట్టుకొనును. రెండవది, కొంత గాలి తీసి కొంత నిలిపినచో అపాయ మింకను హెచ్చు. పలుచబడిన వాయువునందు విద్యుత్తు మెఱయుచు ప్రవహించి వోల్టులను కూలద్రోయును. మన వీథులలోని నియాన్ దీపములు వెలుగుట ఆ గుణముచేతనే. దీపమునకు మేలైనది ఈ యంత్రమునకు కీడు. మూడవది, కాలిన తీగలు గాలి తగిలిన మసియగును. కావున సగము శూన్యము పనికిరాదు, అధికశూన్యమే కావలెను.

అందుకై వారు పెట్రోలు పంపులకు వాడు గాజు గొట్టములను ఒకదానిపై నొకటి నిలిపి స్తంభముగా కట్టిరి. అతుకులను లక్కతో మూయుటకు మాఱుగా, చేతితో మెత్తి అదుమదగిన నూనెముద్దవంటి పదార్థముతో మూసిరి. చీలిక కనబడిన చోట వ్రేలితో అదిమినచో చాలును. 1932 ఏప్రిల్ 14న వాల్టను సీసపు తొడుగు గల చిన్న గదిలోనికి ప్రాకి పోయి కూర్చుండి సూక్ష్మదర్శినిలో చూడగా, లిథియముపై ప్రోటానులు పడినపుడు తెరమీద మిణుకుమిణుకుమని చుక్కలు వెలిగెను. గొట్టపు ప్రక్కనున్న పలుచని అభ్రకపు పలకగుండా ఆల్ఫాకణములు వెలుపలికి వచ్చి తెరను తాకుచుండెను. ఆ అభ్రకము బొర్రా పరిసరములలోను దొరకునదే యని చెప్పినపుడు మా ఉపాధ్యాయమిత్రుడు మిక్కిలి సంతోషించిరి.

ఒక లిథియము కేంద్రకమును ఒక ప్రోటాను చేరి రెండు హీలియము కేంద్రకములుగా చీలినది. ద్రవ్యము తగ్గిన మేరకు శక్తి కలిగినది. అది నూట డెబ్బది లక్షల ఎలక్ట్రాను వోల్టులకు పైబడినది. ఈ మార్పు లక్షా పాతికవేల వోల్టుల వద్దనే కనబడుట చూడ, గామోవ్ సిద్ధాంతము బలపడినది. 1951లో ఆ యిరువురకు నోబెల్ బహుమానము లభించెను.

ఉయ్యాలవంటి యంత్రము

అమెరికాలోని బర్క్‌లీలో లారెన్సు మఱియొక త్రోవ త్రొక్కెను. వీడరో అను ఇంజనీరు 1928లో ప్రకటించిన వ్యాసమును చూచి, పెద్ద వోల్టులను ఒక్కసారి ప్రయోగించుటకు మాఱుగా చిన్న వోల్టులను పెక్కుసార్లు ప్రయోగింపవచ్చునని ఆయన గ్రహించెను. అట్లతద్దినాడు ఉయ్యాల నూపు పిల్లను చూడుడు. ఒక్క త్రోపుతో ఉయ్యాల చెట్టుకొమ్మను తాకదు. అది వెనుకకు వచ్చిన ప్రతి పర్యాయము సరియైన క్షణమున చిన్నగా త్రోసినచో పదునైదు త్రోపులలో కొమ్మ నంటును.

సైక్లోట్రానులో ఆ పని ఇట్లు జరుగును. గుండ్రని పెట్టెను నిలువున రెండుగా కోసినట్లున్న రెండు లోహపు డొల్లలను ఎదురెదురుగా నుంచి, వానిని బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ నిలుపుదురు. ఆంగ్లపు ‘డి’ అక్షరపు రూపము గలవి గనుక వానిని ‘డీ’లు అందురు. నడుమ పుట్టిన ప్రోటాను అయస్కాంతబలముచే చుట్టు తిరుగును. ఒక డీనుండి రెండవదానికి దాటునపుడెల్ల వోల్టులచే ఒక త్రోపు పొందును. వేగము హెచ్చిన కొలది దాని వలయము పెద్దదగును, కాని ఒక చుట్టునకు పట్టు కాలము మాఱదు. ఈ గుణమే యంత్రమునకు ఆధారము. కాలము మాఱనందున ఒకే తాళమున ఊగు విద్యుత్తు అన్ని త్రోపులను సమయమునకు అందించును. 1931 ఆరంభమున లారెన్సు, ఆయన శిష్యుడు లివింగ్‌స్టన్ నాలుగున్నర అంగుళముల పెట్టెలో రెండువేలకు లోపడిన వోల్టులతో ఎనుబదివేల ఎలక్ట్రాను వోల్టుల ప్రోటానులను పొందిరి. మఱుసటి యేట పదునొకండంగుళముల యంత్రము పది లక్షలను దాటించెను.

ఈ యంత్రమున వోల్టుల కష్టము తగ్గినది. శూన్యపు కష్టము పెరిగినది. కేంబ్రిడ్జి గొట్టములో ప్రోటాను నిట్టనిలువుగా కొద్ది గజములు పోయినచో చాలును. సైక్లోట్రానులో అది చుట్లు చుట్టుచు పోవలెను. గజమున్నర చుట్టుకొలత గల వలయమున నూఱు చుట్లనగా నూట యేబది గజములు. ఆ దారిపొడవునను దానికి అడ్డు తగులరాదు. పెట్టె చిన్నది, దారి పొడవు. పొడవైన దారికి లోతైన శూన్యము కావలెను.

శూన్యమును తోడుట

గాలిని తోడు విద్య పాతది. 1643లో టొరిసెల్లి పాదరసపు గొట్టమున గాలి లేని తావును చూపెను. పిదప గెరిక్ తాను కల్పించిన పంపుతో రెండు రాగి అర్ధగోళములలోని గాలి తీసి, గుఱ్ఱములు లాగినను విడదీయలేకుండుటను చూపెను. కాని అధికశూన్యము మఱియొక జాతి. దానికి రెండు పంపులు కావలెను.

మొదటిది తిరుగుడు పంపు. అది గాలిని ముద్దగా పట్టి, నొక్కి, వెలుపలికి నెట్టును. వాయుపీడనము పాదరసమానమున 760 మిల్లీమీటర్లైనచో, దానిని ఒక మిల్లీమీటరులో నూఱవ వంతునకో వేయవ వంతునకో దించును. అంతటితో దాని శక్తి యుడుగును. ఏలనన, అచ్చట అణువులు ఒకదానినొకటి త్రోసికొని పంపులోనికి రావు, తమ యిష్టము వచ్చినట్లు గోడలను కొట్టుకొనుచు తిరుగును. అట్టి అణువులను పట్టుటకు 1915లో గేడె, 1916లో లాంగ్‌మ్యూరు వ్యాపనపంపును కల్పించిరి. అందు పాదరసమును మరగించి ఆ ఆవిరిని క్రిందివైపునకు వేగముగా చిమ్ముదురు. త్రోవ తప్పి ఆ ధారలోనికి వచ్చిన వాయ్వణువును ఆవిరి క్రిందికి తోసికొని పోవును. చల్లని గోడను తాకి ఆవిరి ద్రవమై అడుగునకు చేరగా, వాయువును వెనుకనున్న తిరుగుడు పంపు గైకొనును. పెద్ద పంపు తోడలేని దానిని చిన్న ధార ఊడ్చి దాని చేతికందించు నన్నమాట.

పాదరసపు ఆవిరి పాత్రలోనికే వెనుదిరిగి వచ్చు దోషము కలదు. 1928లో ఇంగ్లాండులోని మెట్రొపాలిటన్-వికర్సు సంస్థలో బర్చ్ అను శాస్త్రజ్ఞుడు ఆవిరి మిక్కిలి తక్కువగా విడుచు నూనెలను వేఱుచేసి, పాదరసమునకు మాఱుగా వాడెను. ఆ నూనెల తోడి జాతివే కేంబ్రిడ్జిలో అతుకులు మూసిన ముద్దలును. తొలి త్వరణ యంత్రములు 1930 ప్రాంతముననే లేచుటకు నూతన సిద్ధాంతమెంత కారణమో, ఈ నూనెయు నంత కారణమని మా అభిప్రాయము.

పంపు లున్నంతమాత్రమున శూన్యము నిలువదు. ఊరగాయజాడీని ఎన్నిసార్లు కడిగినను వాసన పోదు. అట్లే లోహపు గోడలు, గాజు గోడలు తమలో దాచుకొన్న గాలిని, తేమను దినములకొలది విడుచుచుండును. వానిని వేడిచేసి, ఆ దాగిన వాయువును వెడలగొట్టవలెను. ఒక వెంట్రుక దూరని రంధ్రము చాలును, పంపుల శ్రమయంతయు వృథా. అట్టి రంధ్రమును వెదకుటకు అతుకులమీద కుంచెతో సారాయమును పూయుచు పీడనమాపకమును చూచుచుందురు. ముల్లు ఉలికిపడిన చోట రంధ్ర మున్నట్లు. కొలుచుటయు ఒక విద్యయే. 1874లో మెక్లౌడ్ కల్పించిన మాపకమున పలుచని వాయువును తెలిసిన పాళ్లలో నొక్కి, కొలుచుటకు వీలైనంత పీడనమునకు తెచ్చి, వెనుకకు లెక్కకట్టుదురు.

ఇంత చేసి మిల్లీమీటరులో లక్షవ వంతు పీడనమును సాధించితి మనుకొందము. అది వాతావరణపీడనమున ఏడున్నర కోట్లలో ఒక వంతు. అప్పుడు వాయ్వణువు సగటున అయిదు మీటర్లు అడ్డులేక పోవును. ఐనను ఆ ‘శూన్యము’న ఘన సెంటీమీటరునకు ముప్పదిమూడువేల కోట్ల అణువులు మిగిలియుండును. శూన్యమనునది లేమి కాదు, కొలత యని మేము ముందు చెప్పిన మాటకు ఇంతకంటె నిదర్శన మేల?

గొరగనమూడి నుండి లివర్‌పూల్ వఱకు

స్వామి జ్ఞానానందుల పూర్వాశ్రమనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో పశ్చిమ గోదావరి ప్రాంతమున భీమవరమునకు చేరువనున్న గొరగనమూడిలో జన్మించిరి. యౌవనముననే ఇల్లు విడిచి హిమాలయములలో యోగసాధన చేసిరి. 1927లో జర్మనీకి పోయి, అచ్చట నూతన భౌతికశాస్త్రమువైపు ఆకర్షితులై, డ్రెస్డెనులో విద్యార్థిగా చేరిరి. పిదప ప్రాహాలోని చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్స్‌కిరణ వర్ణపటశాస్త్రమున పరిశోధించి డాక్టరేటు పొందిరి. అనంతరము ఇంగ్లాండులోని లివర్‌పూల్ చేరి, న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ వద్ద కేంద్రకభౌతికమున పనిచేసిరి.

ఆ లివర్‌పూల్ ప్రయోగశాల మన కథకు ముఖ్యము. చాడ్విక్ 1935లో కేంబ్రిడ్జిని వీడి అచ్చటికి వచ్చుటకు గల కారణములలో సైక్లోట్రాను కట్టవలెనను కోరిక యొకటి. రూథర్‌ఫర్డు దానికి సుముఖుడు కాడు. బర్క్‌లీలో పని నేర్చిన కిన్సే అను యువకుని తోడుగా గొని, మెట్రొపాలిటన్-వికర్సు వారు చేసిన అయస్కాంతముతో, ముప్పదియేడంగుళముల ధ్రువములు గల సైక్లోట్రానును చాడ్విక్ కట్టించెను. 1939లో అది పనిచేయ నారంభించెను. నాలుగేండ్ల శ్రమ అది. యుద్ధకాలమున కేంద్రకవిచ్ఛేదమును గూర్చిన కొలతలకు ఆ యంత్రము ప్రధానసాధనమయ్యెను.

స్వామివారు అటుపిమ్మట అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము పనిచేసిరి. ‘హై వాక్యువా’ అను వారి గ్రంథము 1947లో అమెరికాలో వెలువడెను. అధికశూన్యపు సూత్రములు, దానిని కల్పించు రీతులు, కొలుచు రీతులు అందలి విషయము. మా ఉపాధ్యాయమిత్రుడు వేదాంతమని యనుకొన్న గ్రంథ మదియే.

వారీ విషయమును ఏల ఎన్నుకొనిరి? వారి పరిశోధనమార్గమును చూచినచో సమాధానము దొరకును. దీర్ఘతరంగముల ఎక్స్‌కిరణములను గాలి మ్రింగివేయును, కావున ఆ వర్ణపటమాపకమును శూన్యమున నుంచవలెను. రేడియోధార్మిక పదార్థములు విడుచు బీటాకణములను అయస్కాంతముతో వంచి వాని శక్తిని కొలుచు యంత్రమునకును శూన్యమే ఆధారము. సైక్లోట్రానుకు సరేసరి. మూడు విద్యలకును పునాది ఒక్కటే. మన పత్రికలలో స్వామివారిని గూర్చి వ్రాయువారు తఱచుగా యోగమును విజ్ఞానమును జోడించి, హిమాలయశూన్యమే ప్రయోగశాలాశూన్యమైన దన్నట్లు వర్ణింతురు. ఆ వర్ణన చెవి కింపుగా నున్నను, అది వారి శ్రమను మఱుగుపఱచును. పంపు, నూనె, అతుకు, మాపకము—వీనితో కుస్తీపట్టిన పనివాని గౌరవము వారికి దక్కవలెను.

కలకత్తా పాఠము

ఈ విద్య చేతిలో లేకున్న నేమగునో మన దేశముననే కనబడినది. ఆచార్య మేఘనాద సాహా కలకత్తాలో సైక్లోట్రాను కట్టవలెనని సంకల్పించి, తన శిష్యుడు నాగ్ చౌధురిని లారెన్సు వద్దకు పంపెను. ఆయన 1941లో తిరిగివచ్చెను. అయస్కాంతపు సామగ్రి కలకత్తా చేరినది. శూన్యపు పంపులు మొదలగువానిని తెచ్చుచున్న ఓడను మాత్రము యుద్ధమున జపానువారు ముంచివేసిరి. అయస్కాంత మున్నది, చదువుకొన్నవా రున్నారు, సంకల్ప మున్నది. గాలిని తోడు సాధనము లేదు. యుద్ధము ముగిసిన పిదపను ఆ యంత్రము పనికి వచ్చుటకు పెక్కేండ్లు పట్టెను. సాహాగారి పరిశోధనసంస్థ 1950లో ఐరీన్ జోలియో-క్యూరీ చేతులమీదుగా ప్రారంభమయ్యెను. 1956లో ఆచార్యులు మరణించిరి. కలకత్తాలో పెద్ద సైక్లోట్రాను 1977లో పనిచేయ నారంభించుట తరువాతి తరము వారి కృషి.

వాల్తేరులో

స్వామి జ్ఞానానందులు స్వదేశమునకు వచ్చి కొంతకాలము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన డాక్టరు వి. యస్. కృష్ణగారి ప్రోత్సాహమున 1954లో వాల్తేరు చేరి కేంద్రకభౌతిక పరిశోధనకు పునాది వేసిరి. 1956లో అది ప్రత్యేకశాఖ యయ్యెను. వారు 1969లో దివంగతులైరి. ఆ ప్రయోగశాలలు నేడు వారి పేరనే యున్నవి.

అచ్చట ప్రధానముగా సాగినది బీటాకిరణముల, గామాకిరణముల వర్ణపటపరిశోధన. బీటావర్ణపటమాపకమును త్వరణ యంత్రమునకు చెల్లెలనవచ్చును. అక్కడ కణమునకు వేగ మిచ్చెదరు, ఇక్కడ ప్రకృతి యిచ్చిన వేగమును కొలిచెదరు. అయస్కాంతమును శూన్యమును రెండింటను ఉమ్మడి. పెద్ద యంత్రము లేనిచోట విజ్ఞానము లేదని నిరాశపడువారికి వాల్తేరు చెప్పు సమాధాన మిది: విద్య చేత నున్నచో చిన్న సాధనముతోను కేంద్రకమును ప్రశ్నింపవచ్చును. అట్లని పెద్ద యంత్రములు అనవసరమని మేము చెప్పుట లేదు. జెనీవా వద్ద ఇరువదియేడు కిలోమీటర్ల చుట్టుకొలత గల నేటి మహాయంత్రమున ప్రోటానులు పోవు గొట్టములలోని పీడనము వాతావరణమున పది లక్షల కోట్లలో ఒక వంతు పరిమాణమునకు దిగినది. యంత్రము పెరిగిన కొలది శూన్యము లోతు పెరిగినదే కాని, దాని అవసరము తీరలేదు.

మాటను గూర్చి తుది మాట

పాఠ్యగ్రంథములలో ఈ భావమునకు ‘శూన్యము’ అనియు ‘నిర్వాతము’ అనియు రెండు మాటలు కనబడును. రెండింటను లోపము కలదు. ‘శూన్యము’ వేదాంతమునకు దారి తీయును, తరతమభేదమును సహింపదు. ‘నిర్వాతము’న వాతమనగా వీచు గాలి. గాలి వీచకున్న గదియు నిర్వాతమే. పైగా పాత్రనుండి తీయవలసినది గాలినే కాదు, నీటియావిరిని, నూనెయావిరిని కూడ. క్రొత్త మాటను కల్పించుటకంటె వాడుకలో నాటుకొన్న ‘శూన్యము’నే యుంచుకొని, దానికి నియమ మొకటి పెట్టుట మేలని మాకు తోచుచున్నది. భౌతికశాస్త్రమును బోధించునపుడు ఆ మాట వచ్చిన ప్రతి చోటను దాని ప్రక్క పీడనపు సంఖ్యను చెప్పవలెను. సంఖ్య చెప్పగానే విద్యార్థి అది వేదాంతశూన్యము కాదని తనంత తానే తెలిసికొనును. ‘అధికశూన్యము’ అను మాట తర్కమునకు విడ్డూరముగా తోచినను, సంఖ్యతో కూడినపుడు అర్థవంతమగును.

బొర్రాలో ఆ ఉపాధ్యాయునకు మేమీ సంగతిని ఉత్తరమున వ్రాసితిమి. తమ తరగతిలో పిల్లలచేత బొమ్మలలో వాడు సూదిలేని సిరంజి మూతిని వ్రేలితో మూయించి, వెనుకకు లాగించి, చేతికి తగులు బిగువును చూపి, “ఎంత శూన్యం చేశామర్రా?” అని అడుగుచున్నట్లు ఆయన బదులు వ్రాసిరి. గుహను గూర్చి పిల్లలు వేసిన ప్రశ్నకును సమాధానము దొరకినదట. కొండ కడుపులోని రాతిని నీరు తోడినది, అందు గాలి నిండినది. ఆ గాలిని కూడ తోడనేర్చినవారు పరమాణువు కడుపులోనికి చూచిరి.